లాంగ్ టర్మ్ పెట్టించమంటారా?

నీట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ ఆఖరి విడత దాకా మా ఇంటికొచ్చే తల్లిదండ్రులందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టించమంటారా?" బైపీసీ పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ని కాబట్టి నా దగ్గర ఏదో లెక్క ఉంటుందని వాళ్ల నమ్మకం. లెక్క ఉంది. కాకపోతే అది వాళ్లు చెప్పే మార్కుల దగ్గర మొదలవదు.

"యాభై మార్కుల్లో పోయిందండీ, ఇంకో ఏడాది కూర్చుంటే రావా?" అంటారు. ఏ ఏడాది యాభై? 2024లో 650 దాటినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2025లో ఫిజిక్స్ పేపరు పిల్లల్ని ఏడిపించింది. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద అత్యధిక మార్కులే 686, 650 దాటినవాళ్లు వంద మంది లోపు. 2024లో 600 వస్తే పదుల వేల వెనక ఎక్కడో ర్యాంకు. మరుసటేడు అదే 600కి మొదటి రెండు వేలలో చోటు. అందుకే మార్కులు పక్కనపెట్టి ర్యాంకు చెప్పమంటాను. రాష్ట్రంలో ఎంత, మీ కేటగిరీలో నిరుడు కన్వీనర్ కోటాలో ఆఖరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగింది, మధ్యలో ఎంత దూరం? ఆ ఆఖరి ర్యాంకు కూడా ఒకచోట నిలవదు. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో కొత్తగా ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనట్టు సీట్లు పెరిగితే అది కిందికి దిగుతుంది.

దూరం తెలిశాక రెండో పని ఓఎంఆర్ షీటు తీయడం. ఇద్దరు పిల్లలనుకోండి, ఇద్దరికీ 720కి 400. ఒకరు వంద ప్రశ్నలు సరిగ్గా పెట్టి ఎనభై వదిలేశారు. ఇంకొకరు నూట ఎనభైకీ బబుల్ చేశారు, 116 ఒప్పు, 64 తప్పు. నాలుగు వందల అరవై నాలుగులోంచి అరవై నాలుగు పోతే అదే 400. ర్యాంకు కార్డు మీద వీళ్లు కవలలు. నా దృష్టిలో ఒకరికొకరు ఏమీ కారు.

వదిలేసిన పిల్లతో పని తేలిక. ఆ ఎనభై ఎక్కడున్నాయో చూస్తే చాలు. నలభై అయిదు ఫిజిక్స్ ప్రశ్నల్లో ముప్పైకి పైగా ఖాళీ అయితే, ఇంటర్ రెండేళ్లూ ఫిజిక్స్‌ని తప్పించుకు తిరిగిందన్నమాట. అలాంటి పిల్లకు ఏడాది దొరికితే నిజంగా పనికొస్తుంది. ఖాళీలన్నీ పేపరు చివర్లోనే ఉంటే టైము చాల్లేదు. వారం వారం టెస్టులు రాస్తే అదీ దారికొస్తుంది.

రెండో పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకొని ఆ అరవై నాలుగూ ఒక్కొక్కటే అడుగుతాను. గుడ్డిగా పెట్టావా, వచ్చనుకొని పెట్టావా? (గుడ్డిగా పెడితే నష్టమేమీ లేదు. నాలుగింట్లో ఒకటి తగిలితే నాలుగొస్తాయి, మూడు పోతే మూడు తగ్గుతాయి, ఒక మార్కు మిగులుతుంది. క్లాసులో మాత్రం ఈ మాట చెప్పను.) ఎక్కువ భాగం గుడ్డివైతే వీడికీ ఆ పిల్లకీ చదువులో పెద్ద తేడా లేదు. వచ్చనుకొని తప్పు పెట్టినవే ఎక్కువైతే నాకు భయం. లాంగ్ టర్మ్‌లో సిలబస్ పరుగు మీద ఉంటుంది. రాదని తెలిసిన చాప్టర్‌ని పిల్లలు ఎలాగో పడి నేర్చుకుంటారు. వచ్చనుకున్న చాప్టర్‌ని మళ్లీ తెరవరు. మరుసటేడు మే నెలలో అవే తప్పులు మళ్లీ పెట్టి వస్తారు.

బయాలజీలో ఇంకో చిక్కు. ఇంటర్లో వెయ్యికి తొమ్మిదొందల యాభై తెచ్చుకున్న పిల్లలు కొందరు బాటనీ, జువాలజీల్లో తేలిపోతారు. అకాడమీ పుస్తకం కంఠతా వచ్చు, ఎన్‌సీఈఆర్‌టీ సగం కూడా తిప్పలేదు. నీట్‌లో సగం మార్కులు ఈ రెండిట్లోనే. ఇలాంటివాళ్లకు పుస్తకం, టెస్ట్ సిరీస్ చాలు. లక్షలు పోసి హాస్టల్లో పెట్టనక్కర్లేదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలది వేరే సంగతి. అక్కడి వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరు చాలా కాలేజీల్లో రెండు మూడేళ్లు చెల్లుతుంది. సీటు రాకపోతే ఆ స్కోరుతోనే మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు. సిఫారసు లేఖలు, ఆసుపత్రిలో చేసిన పని, ఇంటర్వ్యూ అన్నీ చూస్తారు కాబట్టి, దెబ్బ ఎక్కడ తగిలిందో ముందు వెతుక్కోవాలి. పరీక్ష కూడా జీవితంలో ఏడుసార్లే రాయనిస్తారు. ఇక్కడి ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకు ఆ ఏడాదికే. పైగా ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, గరిష్ఠ వయసు నిబంధనా లేదు. ఆపేవాళ్లు లేరు కాబట్టి హద్దు ఇంట్లోనే పెట్టుకోవాలి.

నా హద్దు చెప్తాను. మొదటి లాంగ్ టర్మ్‌కి, పైన చెప్పిన లెక్కలు కుదిరితే, సరే అంటాను. రెండో దానికి, మొదటి ఏడాది ర్యాంకు సగానికి సగం తగ్గి, సీటు చేతికందే దూరంలో ఉంటే తప్ప, వద్దంటాను. ఇంకొకటి, ప్రశ్న అడిగేది ఎప్పుడూ నాన్నే. పిల్లలు సోఫా చివర కూర్చుని ఫోన్ చూసుకుంటుంటారు. కాసేపు మీరు బయట కూర్చోండని ఆయన్ని వరండాలోకి పంపి మాట్లాడితే, బీఎస్సీ అగ్రికల్చర్ అన్నా, ఫిజియోథెరపీ అన్నా మొహం వికసించే పిల్లలు ఎంతమందో! వాళ్లను మళ్లీ ఉదయం అయిదింటి స్టడీ అవర్‌కి తోలడం అన్యాయం.

ఎన్‌టీఏ వెబ్‌సైట్లో ఓఎంఆర్ షీటు, కీ పెట్టిన రోజుల్లోనే రెండూ దింపుకొని దాచండి. లాంగ్ టర్మ్‌కి వెళ్తే అడ్మిషన్ కౌంటర్లో ముందు ఆ షీటు తీసి చూపించండి. అది చూడకుండా రసీదు పుస్తకం తీసేవాళ్లకు ఫీజు కట్టకండి.