ఈస్టుకు మేత ఆపే వేళ

జనవరిలో కెనడాలోని విన్నిపెగ్ కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఫెర్మెంటర్ నడిపేవాళ్ళకు మాత్రం ఆ నీళ్ళు వరం. నూనె తిన్న ఈస్టు విపరీతంగా వేడి పుట్టిస్తుంది. ట్యాంకు చుట్టూ ఉన్న తొడుగులోకి ఈ నీళ్ళు వదిలితే వేడి దిగిపోతుంది.

ఆ ట్యాంకులో మేం చేయించేది నూనెనూ నీళ్ళనూ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం. ముఖానికి రాసుకునే క్రీముకీ, గిన్నెలు తోమే లిక్విడ్‌కీ, పొలంలో కొట్టే మందుకీ ఇలాంటిది ఒకటి కావాలి. పరిశ్రమలు వాడేవాటిలో చాలావరకు పెట్రోలియం నుంచో, పామాయిల్ నుంచో రసాయన పద్ధతిలో తీసినవే.

ఈ విద్యకు మా ప్రెయిరీల్లో పాత వేళ్ళున్నాయి. సాస్కటూన్‌లోని జాతీయ పరిశోధనా మండలి ప్రయోగశాలలో గోరిన్, స్పెన్సర్, టల్లాక్ అనే శాస్త్రవేత్తలు, ఒక ఈస్టు చక్కెరా కొవ్వూ అతుక్కున్న అణువులను బయటికి వదులుతోందని 1961లో ప్రకటించారు. వాటినే సోఫరోలిపిడ్లంటాం. బంబుల్‌బీ తేనెలో దొరికిన మరో ఈస్టును 1970లో వాళ్ళే వర్ణించారు. ఇవాళ ఈ పనికి ఎక్కువగా వాడేది దాన్నే.

దానికి బాగా నచ్చే మేత 18 కార్బన్ల కొవ్వు. కనోలా నూనెలో సుమారు 60 శాతం ఉండే ఒలియిక్ ఆమ్లం సరిగ్గా అలాంటిదే. కనోలాను రూపొందించిన ఇద్దరిలో ఒకరైన బాల్డర్ స్టెఫాన్సన్ ఇక్కడి మానిటోబా విశ్వవిద్యాలయంలోనే పనిచేశారు. ఆయన టవర్ రకం 1974లో వచ్చింది. మేత ఊరి చుట్టూనే పండుతోంది.

అయితే నేర్పంతా మేత పెట్టడంలో కాదు, ఆపడంలో ఉంది. మొదట చక్కెర, నత్రజని ఇచ్చి ఈస్టును పెంచుతాం. నత్రజని అయిపోయాక అది పెరగలేదు. అప్పటి నుంచి చక్కెరతో పాటు నూనెను కొంచెం కొంచెంగా అందిస్తే, ఒంటికి పట్టని తిండినంతా సోఫరోలిపిడ్లుగా మారుస్తుంది. తొందరపడి నూనె కుమ్మరిస్తే తినగా మిగిలింది సరుకులో కలిసిపోతుంది, దాన్ని విడదీయడానికి మళ్ళీ వేరే తంటా. సవ్యంగా సాగితే బెల్లం పాకంలాంటి ముదురు సరుకు అడుగుకు దిగుతుంది. లీటరుకు 300 గ్రాములు దాటిన ప్రయోగాలున్నాయి. సూక్ష్మజీవులతో చేయించే పనుల్లో ఇది అరుదైన దిగుబడి.

నాకిష్టమైన పరీక్షకు మాత్రం పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. టెస్ట్‌ట్యూబులో 4 మిల్లీలీటర్ల ద్రవం, 6 మిల్లీలీటర్ల కిరోసిన్ పోసి 2 నిమిషాలు గట్టిగా గిలక్కొట్టాలి. 24 గంటలు కదపకుండా ఉంచి, తెల్లగా నిలిచిన పొర ఎత్తును స్కేలుతో కొలవాలి. మొత్తం ఎత్తులో అది ఎంత శాతమో చూస్తే, నూనెనూ నీళ్ళనూ పట్టి ఉంచే బలం తెలుస్తుంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1987లో ప్రచురించిన ఈ పద్ధతిని ఇప్పటికీ అందరూ వాడుతున్నారు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడే పొరబడతారు. నీటి తలతన్యతను మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి 35 దరిదాపులకు దించేసే సోఫరోలిపిడ్, తెల్ల పొరను ఎక్కువసేపు నిలబెట్టలేకపోవచ్చు. టెల్ అవీవ్‌లో అసినెటోబాక్టర్ నుంచి తీసిన ఎమల్సాన్ అనే భారీ అణువు తలతన్యతను పెద్దగా దించదు గానీ, నూనె బొట్లను చుట్టుకుని వదలదు. శుభ్రత కావాలంటే మొదటిది, నెలల తరబడి విడిపోని మిశ్రమం కావాలంటే రెండో తరహాది. ‘సహజం’ అని సీసా మీద రాసినంత మాత్రాన ఏదైనా ఎక్కడైనా పనిచేస్తుందనుకోవడం వినియోగదారుకు అన్యాయం.

ఎవోనిక్ కంపెనీ 2024లో స్లొవేకియాలో పెద్ద కర్మాగారం తెరిచి, మొక్కజొన్న చక్కెరతో, సోఫరోలిపిడ్ల కోవకే చెందిన రామ్నోలిపిడ్లు చేస్తోంది. ప్రయోగశాల సరుకు టన్నుల్లోకి వెళ్ళగలదని అది రుజువు చేసింది.

నా దృష్టి మాత్రం వాడేసిన వంటనూనె మీద ఉంది. మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని భారతదేశంలో 2018 నుంచి నియమం. అలాంటి నూనెను బయోడీజిల్‌కు పంపుతున్నారు. కిలో సోఫరోలిపిడ్ ధర లీటరు డీజిల్‌కు ఎన్నో రెట్లు. హైదరాబాద్ హోటళ్ళ నూనెలో కొంత వడకట్టి ఈ ఈస్టుకు పెట్టి చూడాలి. ముందు తేలాల్సింది దిగుబడి కాదు, రంగూ వాసనా. వాటిని క్రీముల కంపెనీలు ఒప్పుకోకపోతే నేల తుడిచే లిక్విడ్‌కు వాడుకోవచ్చు.