గబ్బిలం మోసుకెళ్లిన ఫిర్యాదు

జాషువాను మన విమర్శ రెండు ముక్కలు చేసి చదువుతూ వచ్చింది. 'గబ్బిలం' (1941) రాసిన జాషువా మనవాడు, కులం మీద తిరగబడ్డ కవి. 'క్రీస్తు చరిత్ర' (1963) రాసిన జాషువా భక్తుడు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాం. కానీ ఈ ఇద్దరు జాషువాలనూ ఒకే మనిషిగా నిలబెట్టే ప్రశ్న ఒకటుంది. దేవుడు మంచివాడైతే లోకంలో ఇంత బాధ ఎందుకు? ఇది భావవాదుల గొడవ, మనకెందుకని తోసేస్తే 'గబ్బిలం' కూడా మనకు సగమే అర్థమవుతుంది.

ఈ ప్రశ్న అడిగే నోటిని బట్టి మారిపోతుంది. బాధపడేవాడు అడిగితే అది ఫిర్యాదు. బాధపెట్టేవాడు అడిగితే అది సాకు. బాధితుడు నోరు విప్పకముందే జవాబు తయారుగా ఉంచడం కర్మ సిద్ధాంతం చేసిన పని. నీ ఆకలికి కారణం నీ పూర్వజన్మే అన్న తర్వాత ఇక ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు?

జాషువా దెబ్బ కొట్టింది సరిగ్గా ఇక్కడే. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపాడు. జాషువా కథానాయకుడైన అరుంధతీయుడు, కడుపు నిండని మనిషి, శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. మేఘం కాకుండా గబ్బిలమే ఎందుకు? అతనికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదు. కప్పుకు వేలాడినా మైల అనేవాడు లేడు. పూజారి దగ్గర లేని వేళ చూసి దేవుడి చెవిన వేయమని అతను దానికి చెబుతాడు. ఈ వ్యంగ్యాన్ని మెచ్చుకోని విమర్శకుడు లేడు. అయితే ఇందులో ఉన్న తాత్విక నిర్ణయాన్ని గమనించాలి. ఈ ఫిర్యాదీ దేవుణ్ణి కాదనడం లేదు, దేవుడి తరఫున మాట్లాడేవాళ్ల వకాల్తాను కాదంటున్నాడు.

ఈ చూపుకు మూలం మేఘసందేశంలో లేదు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడికి యోబు కథ కొత్త కాదు. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు మిత్రులు వచ్చి, పాపం చేయనిదే ఇంత కష్టం రాదని వాదిస్తారు. కథ చివర దేవుడు కోప్పడింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తన పక్షాన వాదించిన ఆ మిత్రుల మీద. యోహాను సువార్తలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు, పాపం వీడిదా, కన్నవాళ్లదా అని అడిగితే క్రీస్తు ఇద్దరిదీ కాదంటాడు. జాషువా ఈ ఘట్టాలను చూసి రాశాడని రుజువు చేయబోవడం లేదు. బాధ నేరానికి సాక్ష్యం కాదన్న భావం అతను పెరిగిన ఇంటి గాలిలో ఉందని మాత్రమే అంటున్నాను.

ఆ గాలి ఈ నేల మీదికి వచ్చిన దారి కూడా తెలుసుకోదగ్గదే. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్న వాళ్లకు కూలి ఇచ్చాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది, అత్యధికులు మాదిగలు, బాప్తిస్మం పొందారు. అన్నం కోసం మతం మారారన్న ఎత్తిపొడుపు అప్పటినుంచీ ఉంది. కరువు ఎందుకొచ్చిందో కొత్త మతం వాళ్లకు చెప్పలేకపోయింది. కానీ, ఇది నీకు తగిన శిక్షేనన్న నిందను వాళ్ల నెత్తిమీంచి దింపింది. అది అన్నం కన్నా చిన్న విషయమేమీ కాదు. చర్చిలోకి కులం రాలేదని మాత్రం ఎవరూ అనలేరు. మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు అన్న ఊళ్లు ఈ మైదానంలో కొల్లలు.

బాధకు క్రైస్తవం చెప్పే జవాబులు ప్రధానంగా మూడు. మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు, కీడు దాని ఫలితం అనేది ఒకటి. బాధ మనిషిని పరీక్షించి పుటం పెడుతుందనేది రెండోది. దేవుడే సిలువ మీద బాధితుడయ్యాడనేది మూడోది. వీటిని గాలిలో కాదు, కారంచేడులో తూచాలి. 1985 జూలై 17న అక్కడ భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. చంపినవాడి స్వేచ్ఛను లెక్కలోకి తీసుకున్న మొదటి జవాబు, చచ్చినవాడి స్వేచ్ఛ ఏమైందో చెప్పదు. రెండోది ఆ శవాల ముందు అవమానం. మూడోది ఒక్కటే కాస్త నిలుస్తుంది. ఎందుకంటే అది బాధను సమర్థించదు. సిలువ మీద క్రీస్తు కూడా ఎందుకని అడిగినవాడే, చెప్పినవాడు కాదు. అయినా తోడు నిలవడం జవాబు కాదు. ఊరు విడిచిన బాధితులు చీరాలలో చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. ఆ పోరాటంలోంచి దళిత మహాసభ పుట్టింది. అరుంధతీయుడి ఫిర్యాదు అదే, చిరునామా మాత్రం కైలాసం నుంచి ప్రభుత్వానికి మారింది.

దైవికమనుకునే బాధలోనూ మనిషి చెయ్యి వెతకాలి. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేసింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పైరిథ్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టడంతో దోమను తినే పురుగులు చచ్చి దోమ పెరిగింది. ఆ మందులు అమ్మినవాళ్లు, అప్పులిచ్చినవాళ్లు ఉండగా తలరాత అనడం యోబు మిత్రుల మాటే. నిజమే, ఏ చెయ్యీ కనపడని బాధ కూడా ఉంది. అక్కడ ఏ మతమూ నన్ను ఒప్పించలేదు.

అయితే యోబు మిత్రులు మతంలోనే ఉన్నారనుకోవడం మన భ్రమ. చారిత్రక అవసరం, సంధి దశ, రేపటి సమాజానికి పురిటినొప్పులు అంటూ మనమూ చచ్చినవాడి చావుకు అర్థం కట్టాం. స్వర్గం బదులు భవిష్యత్తు వచ్చింది, వాయిదా మాత్రం అదే. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలడానికి 2008 దాకా పట్టింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిన చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఇళ్లవాళ్లకు చరిత్ర ముందుకే పోతుందని చెప్పే ధైర్యం మనలో ఎవరికుంది?

కనుక బాధ గురించి రాసే రచనకు ఒక కొలత పెట్టుకుందాం. అది ఫిర్యాదును బాధితుడి నోటనే ఉంచిందా, లేక అతని తల మీదుగా తానే జవాబు చెప్పేసిందా? భక్తి రచనైనా, విప్లవ రచనైనా కొలత ఒకటే. దేవుడికి అర్జీ పెట్టుకున్నాడు గనక జాషువా వెనకబడ్డవాడన్న విమర్శ ఈ కొలతకు నిలవదు. అర్జీ ఎవరికి పెట్టాడన్నది ఆ కాలపు పరిమితి. తన మాటను పూజారి చేతికి ఇవ్వకపోవడం అతని ఘనత. ఆ మాటను మనం మాత్రం మన సిద్ధాంతం చేతికి ఎందుకివ్వాలి?