రెండో దారి ఉన్న చట్టం

గనిలోకి మనిషిని దించాలంటే పైకి రావడానికి కనీసం రెండు దారులుండాలని మన లోహ గనుల నిబంధనలు చెబుతాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగిన ఛాంపియన్ రీఫ్ గని ఉన్న కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల (కేజీఎఫ్) ఊళ్లో ఆ నిబంధన విలువ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనూ అలాంటి రెండో దారి ఉంది. అదే వ్యసనపరుడికి కేసు బదులు చికిత్స దారి చూపే సెక్షన్ 64ఎ.

ఈ చట్టం కరకుది. 20 కిలోలు దాటిన గంజాయితో పట్టుబడితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు, బెయిలు గగనం. ఆ కరకుదనం ఉండాల్సిందే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్ర పోలీసులు తగలబెట్టిన గంజాయే 2 లక్షల కిలోలు దాటింది. అంత సరుకు నడిపేవాళ్ల మీద జాలి దేనికి? కానీ జేబులో చిన్న పొట్లంతో దొరికిన కుర్రాడి సంగతి వేరు. వాడికి వ్యాపారం లేదు, ఉన్నది వ్యసనం.

అలాంటి కుర్రాళ్లకు ఈ దారి వెడల్పయిన ఏడే కేజీఎఫ్ గనులు మూతపడ్డాయి, 2001 ఫిబ్రవరి 28న. ఇంటి ముందున్న పని పోయి, జనం మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లడం మొదలైంది. అదే ఏడు జులైలో పోర్చుగల్ సొంత వాడకానికి ఉంచుకున్న మత్తుమందును నేరాల జాబితా నుంచి తప్పించింది. అక్టోబరు 2న మన చట్టానికి సవరణ అమల్లోకి వచ్చింది. మనవాళ్లు పోర్చుగల్ అంత దూరం వెళ్లలేదు. వాడకం నేరంగానే ఉంది. అయితే 64ఎ పరిధిని పెంచి, కొద్ది మోతాదు కేసులన్నిటిలోనూ వ్యసనపరులకు ఆ దారి తెరిచారు. గంజాయికైతే కిలో, హెరాయిన్‌కైతే 5 గ్రాముల వరకు కొద్ది మోతాదే.

64ఎ కూర్పు చూడండి. వ్యసనపరుడు తనంతట తాను చికిత్స కోరాలి, ఎవరో ఈడ్చుకెళ్తే కుదరదు. కోరితే చాలదు, తీసుకోవాలి. అదీ ప్రభుత్వమో స్థానిక సంస్థో నడిపే, లేదా గుర్తించిన ఆసుపత్రిలో. అప్పుడిక ఆ కేసులో విచారణ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ తీసేయవచ్చు అన్నారు, తీసేసి తీరాలని అనలేదు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. మానేసినవాడు మళ్లీ జారడం ఈ జబ్బులో మామూలు. రాసినవాళ్లు ఆ సంగతి ఎరిగి న్యాయమూర్తి చేతికి కాస్త వెసులుబాటు ఇచ్చారు. ఒకవేళ నేరం రుజువైనా సెక్షన్ 39 ఉంది: అతని సమ్మతితో, బాండు రాయించుకుని, జైలుకు బదులు చికిత్సకు పంపొచ్చు. ఏడాదిలోపు ఫలితం కోర్టుకు చూపాలి.

లోటు లేకపోలేదు. 64ఎ అడిగేది పూర్తి చికిత్స. సూదితో హెరాయిన్ ఎక్కించుకునేవాళ్లకు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) కేంద్రాల్లో నర్సు కళ్లెదుట నాలుక కింద బ్యూప్రెనార్ఫిన్ బిళ్ల పెడతారు. ఆ మందు ఏళ్ల తరబడి సాగొచ్చు. అది ఎప్పటికి పూర్తయినట్టు? హాని తగ్గించడమే మేలనుకునే వైద్యానికి ఈ సెక్షన్ ఇంకా పూర్తిగా చోటివ్వలేదు.

2012లో ముంబైలో ఒక సినీనటుడికి ఈ సెక్షన్ కింద కేసు నుంచి విముక్తి దొరికింది. ఆయనకు లాయర్లున్నారు. కేజీఎఫ్ పక్కన బంగారుపేటలో పట్టుబడిన కూలీ కుర్రాడికి ఇలాంటి దారి ఉందని ఎవరు చెబుతారు? చెప్పి తీరాలన్న మాట 64ఎలో లేదు. ఎఫ్ఐఆర్ నకలుతో పాటు ఈ సెక్షన్ సారాంశాన్ని కన్నడ, తెలుగు, తమిళాల్లో అచ్చేసి చేతికివ్వాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు.