జొన్నకూడు – అభిరుచి – అంతస్తు

‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్న సామెతతో రుచిని గురించిన చర్చ ముగించటం మనకు అలవాటు. రుచి పూర్తిగా వ్యక్తిగతమనీ, దానికి సంఘంతో నిమిత్తం లేదనీ ఈ సామెత చాటున నిలబడి వాదించేవారు సాహిత్య విమర్శలోనూ లేకపోలేదు. కాని నాలుక మీదికి పదార్థం చేరకముందే దాని పేరు చేరుతుంది. పేరుతోపాటు ధర, ధరతోపాటు అంతస్తు చేరుతాయి. ఈ క్రమాన్ని పరిశీలించకుండా అభిరుచిని గురించి మాట్లాడటం అశాస్త్రీయం.

ఇందుకు ప్రయోగశాలలోనే నిదర్శనాలున్నాయి. ఫ్రాన్సులోని బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు, వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ఇది 2001లో ప్రచురితమైన పరిశోధన. 2008లో అమెరికాలో వెలువడిన మరొక పరిశోధనలో ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదనీ, ఇంకొకసారి 90 డాలర్లదనీ చెప్పి 20 మందికి రుచి చూపారు. 90 డాలర్లదన్నప్పుడే ఎక్కువ బాగున్నదన్నారు. వారు మర్యాద కోసం అబద్ధమాడలేదు. సుఖానుభూతికి సంబంధించిన మెదడు భాగం కూడా అప్పుడే ఎక్కువగా స్పందించినట్లు యంత్రం చూపింది. అంటే సీసా మీది చీటీ కంటిని మోసగించి ఊరుకోదు, అనుభవంలోకే ప్రవేశిస్తుంది.

వైన్ సంపన్నుల వినోదం, దానితో మనకేమి పని అనవచ్చు. అయితే మన జొన్నకూటినే తీసుకుందాం.

శ్రీనాథునివని ప్రసిద్ధికెక్కిన చాటువులలో పల్నాటిని ఎత్తిపొడిచేవి కొన్ని ఉన్నాయి. పూతన విషాన్నీ, దావాగ్నినీ మింగానని గర్వపడవద్దనీ, చేతనైతే జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపమనీ కృష్ణుణ్ణి సవాలు చేసే పద్యం పండితగోష్ఠులలో నేటికీ నవ్వు పుట్టిస్తున్నది. అందులోని చమత్కారాన్ని కాదనవలసిన పని లేదు. కాని ఆ నవ్వు ఎవరి మీద? రాజుల కొలువులో సన్నన్నానికి అలవాటుపడ్డ నాలుక ఇక్కడ తీర్పరి. వాన మీద ఆధారపడిన మెట్టరైతు ముద్దాయి. ఆనాటి పల్నాడు జొన్న తిన్నది అభిరుచి లోపించి కాదు. ఆ నేలకూ ఆ వానకూ పండేది జొన్న కాబట్టి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత అదే పల్నాటిలో వరి పండింది. మనుషుల నాలుకలు మారలేదు, నీరు వచ్చింది. పద్యంలోని చమత్కారాన్ని వివరించే అధ్యాపకుడు ఈ నీటి సంగతి కూడా చెప్పకపోతే, పాఠం సగమే చెప్పినట్లు.

అట్లాగని జొన్నను విడిచి వరన్నం కోరుకున్న బీదవాణ్ణి అజ్ఞాని అనటం మరొక రకం అహంకారం. పండుగనాడు మాత్రమే వరన్నం ఎరిగిన కూలీ కుటుంబాలకు 1983లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన కిలో 2 రూపాయల బియ్యం ఆకలి తీర్చింది. కామందు తినే అన్నమే తామూ తింటున్నామన్న గౌరవాన్ని కూడా ఇచ్చింది. కొర్రలు, సామలు, అరికలు దంచి పొట్టు తీయటానికి తెల్లవారకముందే రోకలి పట్టిన స్త్రీకి, మరపట్టిన బియ్యం కొంత విశ్రాంతి. ఈ కోరికలో తప్పు లేదు. తప్పంతా ఒక గింజను గౌరవానికీ, మరొక గింజను అవమానానికీ గుర్తుగా నిలిపిన వ్యవస్థది.

ఆ వ్యవస్థ తన మనస్సును చట్టంలోనే రాసుకున్నది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం చౌకధరల దుకాణంలో కిలో బియ్యానికి 3 రూపాయలు, గోధుమకు 2 రూపాయలు, ‘ముతక ధాన్యాల’కు 1 రూపాయి ధర నిర్ణయించింది. జొన్న, సజ్జ, రాగి ఈ మూడవ మెట్టు మీద నిలిచాయి. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం వీటినే ‘పోషక ధాన్యాలు’గా ప్రకటించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో ఇవి ‘శ్రీ అన్న’ అయినాయి. మన తెలుగులోనూ రెండక్షరాలు మార్చి ‘చిరు’ను ‘సిరి’ చేశారు. పదేళ్ళలో గింజ మారలేదు. అందులోని పీచు, ఇనుము, సున్నం నిన్న ఎంతో నేడూ అంతే. మారినది తినేవాని అంతస్తు. అంబలి తాగిన కూలీని చూసి ముఖం చిట్లించిన వర్గమే నేడు దానిని ఆరోగ్యమని మెచ్చుకుంటున్నది. పైగా మీ పూర్వుల తిండిని మీరే మరచిపోయారని కూలీకే నీతులు చెబుతున్నది.

పేరు మారితే రైతుకు గిరాకీ పెరుగుతుంది కదా, మంచిదే కదా అని కొందరు అడుగుతారు. ఆ గిరాకీ రైతుకు గిట్టుబాటు ధరగా చేరిననాడు మంచిదే. కాని అందమైన పొట్లం ధరను పెంచుతుందే తప్ప, ఆ ధరలో పండించినవాని వాటాను తనంతట తాను పెంచదు. జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీల సంఘాలు ఈ విషయంలో మరో దారి చూపాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 1990లలోనే వారు బీడుభూములలో జొన్న పండించి, ఊళ్ళోనే నిలవచేసి, ఊరి పేదలకు తక్కువ ధరకు పంచారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ స్త్రీలకు జొన్నను గౌరవించటానికి కొత్త పేరు అవసరం కాలేదు. భూమి, విత్తనం, గాదె తమ చేతిలోకి రావటమే ఆ గౌరవానికి పునాది అయింది.

కాబట్టి అభ్యుదయ రచయిత పని జొన్నను పొగుడుతూ పద్యాలు రాయటంతో తీరదు. ‘ముతక’, ‘సన్నం’, ‘మోటు’, ‘నాజూకు’ అన్న మాటలను మనం తిండికి ఎంత సులువుగా అంటిస్తున్నామో, భాషకూ, పాటకూ, మనిషికీ అంతే సులువుగా అంటిస్తున్నాం. పల్లెయాసను మోటన్న నోరే రేపు దానికి జానపద సౌందర్యమని పేరుపెట్టి వేదిక ఎక్కించవచ్చు. ఆ యాస మాట్లాడే మనిషికి మాత్రం వేదిక కింద కూడా చోటు దొరకకపోవచ్చు. మన ముందుకు వచ్చిన ప్రతి చీటీనీ, అది తెగడ్త అయినా పొగడ్త అయినా, ఒకే ప్రశ్న అడగాలి: ఈ పేరు పెట్టినదెవరు? దీనివల్ల ఎవరి కంచం నిండుతున్నది?