మజిలీ నుంచి మజిలీకి: ‘కాశీయాత్ర చరిత్ర’లో రాబోయే బాటసారి

తెలుగు యాత్రాసాహిత్యానికి ఆద్యగ్రంథంగా ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ సాహిత్యచరిత్రల్లో స్థిరపడిపోయింది. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేస్తున్న వీరాస్వామయ్య 1830 మే 18న సుమారు నూరుమంది పరివారంతో ఉత్తరానికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడవునా రాసిన దినచర్యను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపుతూ వచ్చాడు. రచయిత 1836లో మరణించిన తరువాత, ఆ పిళ్లయే దానిని 1838లో అచ్చువేయించాడు. 1869లో మలి ముద్రణ వచ్చింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు విస్తృతమైన పీఠికతో, వివరణలతో పరిష్కరించి ప్రకటించిన ప్రతితో ఈ గ్రంథం ఆధునిక పాఠకుల చేతికి అందింది.

ఇంతటి ప్రసిద్ధి ఉన్న గ్రంథానికి ఒక విచిత్రమైన దుర్గతి పట్టింది. దానిని ఉదహరించేవారు ఎక్కువ, ఆసాంతం చదివేవారు తక్కువ. చరిత్రకారుడికి అది కంపెనీ పాలననాటి ధరలకు, సుంకాలకు, శాంతిభద్రతలకు ఆకరం. భాషాచరిత్ర పరిశోధకుడికి అది చిన్నయసూరికి ముందటి వ్యావహారిక గద్యానికి దాఖలా. సాహిత్య విమర్శకుడు మాత్రం నగర వర్ణనలు, ఆచార వర్ణనలు ఏరుకొని, మిగిలిన పుటలను గబగబా తిప్పేస్తాడు. ఆ మిగిలిన పుటల్లో ఉన్నవి మజిలీ పట్టికలు. ఏ ఊరికి ఎంత దూరం, దారి రాతినేలా ఇసుకపర్రా, మధ్యలో వాగులు ఎన్ని, ఊళ్లో బావి ఉన్నదా చెరువు ఉన్నదా, అంగళ్లు ఉన్నవా, డేరా వేయడానికి నీడ ఉన్నదా: ఈ సమాచారం పేరు మారిన ఊరితో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. సంక్షిప్త ప్రతి తయారుచేయదలచిన సంపాదకుడి కత్తెర మొదట పడేది వీటిమీదనే. అయితే గ్రంథానికి రూపం ఇచ్చినవి ఈ పట్టికలే. వీటిని తొలగిస్తే మిగిలేది ఒక ఉద్యోగి అభిప్రాయాల సంపుటి మాత్రమే, యాత్రాగ్రంథం కాదు.

దొరికినది, దొరుకును

మజిలీ వివరాల్లోని క్రియారూపాలను గమనిస్తే ఈ విషయం తేటపడుతుంది. ఫలానా తేదీన ఫలానా ఊరు చేరడం, అక్కడ దిగడం భూతకాలంలో చెప్పబడతాయి. అవి రచయితకు జరిగిన సంగతులు, ఒక్కసారి జరిగి ముగిసినవి. ఆ వెంటనే వాక్యం ‘దొరుకును’ వంటి రూపానికి మారుతుంది. తెలుగు వ్యాకరణం తద్ధర్మార్థకమని పేరుపెట్టిన ఈ రూపం ఒక విశేషమైన సాధనం. అది స్వభావాన్నీ చెప్పగలదు, రాబోయేదాన్నీ చెప్పగలదు. ‘ఆ ఊళ్లో బియ్యం దొరికినవి’ అంటే అది వీరాస్వామయ్య పరివారానికి ఆ పూట గడిచిన వైనం. ‘బియ్యం దొరుకును’ అంటే అది ఆ ఊరి లక్షణం. అంతేకాదు, రేపు ఆ దారిన రాబోయే మనిషికి ఇచ్చిన హామీ కూడా. క్రియ ఒక్కటి మారడంతో వాక్యం దినచర్యలోంచి దారిపటంలోకి అడుగుపెడుతుంది.

కాబట్టి ఈ రచనలో సంబోధితులు ఇద్దరు. ఒకడు పేరున్నవాడు, లేఖలు అందుకునే శ్రీనివాసపిళ్ల. రెండోవాడికి పేరు లేదు. అతడు ఇంకా బయలుదేరలేదు. సామాను సర్దుకుంటున్నాడు, ఏ మాసంలో ప్రయాణమైతే ఏ నది దగ్గర ఆగిపోవలసివస్తుందో లెక్కలు వేసుకుంటున్నాడు, ఎంత సొమ్ము చేతిలో ఉండాలో తెలియక తికమకపడుతున్నాడు. రచయిత దృష్టి తరచు ఈ రెండోవాడిమీదనే ఉంటుంది. చూసిన వింతకన్నా చూడబోయేవాడి సౌకర్యం ఆయనకు ముఖ్యం. యాత్రాసాహిత్యాన్ని అనుభవ కథనంగా నిర్వచించే నేటి లక్షణచర్చలు ఈ గ్రంథం దగ్గర తడబడేది ఇక్కడే. అనుభవం ఇందులో ఉన్నది, కాని అది ముడిసరుకు. పరుల ప్రయాణానికి పథకం సమకూర్చడమే దాని వినియోగం.

ఉత్తరదేశ యాత్రకు పథకం వేయడమనే పని వీరాస్వామయ్యతో మొదలైనది కాదు. ప్రయాగ, కాశి, గయ అనే త్రిస్థలికి సంబంధించిన విధులను పదహారో శతాబ్దిలో కాశీవాసి నారాయణభట్టు ‘త్రిస్థలీసేతువు’లో శాస్త్రబద్ధం చేశాడు. ఏ తీర్థంలో ఏ క్రమంలో స్నానం, ఎక్కడ క్షౌరం, ఎక్కడ పిండప్రదానం అనే ప్రశ్నలకు ధర్మశాస్త్ర నిబంధ గ్రంథాలు సవిస్తరంగా సమాధానమిస్తాయి. స్థలపురాణాలు, క్షేత్రమాహాత్మ్యాలు ఆ కర్మల ఫలాన్ని లెక్కగట్టి చెబుతాయి. తెలుగులో శ్రీనాథుడి ‘కాశీఖండం’ క్షేత్రాన్ని కళ్లకు కట్టిస్తుంది. ఈ సంప్రదాయమంతటిలోనూ ఒక్క లోపం ఉన్నది. క్షేత్రానికి చేరుకున్న మనిషికి ఏం చేయాలో అది చెబుతుంది, చేరుకోవడం ఎలాగో చెప్పదు. రెండు పుణ్యక్షేత్రాల నడుమ ఉన్న నేల దానికి కనిపించదు. అగస్త్యుడు కాశిని విడిచి దక్షిణానికి నడిచిన కథలోనైనా వింధ్యపర్వతం తలవంచుతుందే తప్ప, ఆ దారిలో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలియదు.

వీరాస్వామయ్య నింపినది ఆ ఖాళీని. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు, అక్కడినుంచి నాగపూరు, జబల్పూరు, మిర్జాపూరు, ఆపైన ప్రయాగ, కాశి: ఈ బాటలో పుణ్యక్షేత్రాల సంఖ్య మజిలీల సంఖ్య ముందు ఏ పాటిది? పుణ్యం లేని ఊరికి కూడా ఆయన పుస్తకంలో పేరున్నది, బావి ఉన్నది. ‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అనే సామెత పుట్టినది ఈ ఖాళీలోనే. చంపేది క్షేత్రం కాదు, దారి. తెలిసిన దారి చంపదు అనే నమ్మకం ఈ పట్టికల అడుగున ఉన్నది.

వీటిని లౌకిక దృష్టికి, ఆధునికతకు గుర్తుగా చూపే వ్యాఖ్యానం ఒకటి సులభంగా స్ఫురిస్తుంది. అది సగమే నిజం. వీరాస్వామయ్య శ్రద్ధాళువు. తిథివార నక్షత్రాలు, శ్రాద్ధవిధులు ఆయన లెక్కలో నీళ్లతో, నీడతో సమానంగా నిలుస్తాయి. గయలో కర్మ సవ్యంగా జరగాలంటే మనిషి ప్రాణాలతో గయ చేరాలి, చేతిలో సొమ్ము మిగిలి ఉండాలి. దారిఖర్చు లెక్క సంకల్పానికి బయటిది కాదు, సంకల్పంలోనిదే. మే నెలలో చెన్నపట్టణం విడిచి, వానకాలాన్ని దక్కనులో ఓర్చుకొని, శీతకాలం గంగాతీరంలో గడిచేలా సాగిన ఆ ప్రయాణ క్రమంలోనే ఈ రెండు లెక్కలు కలిసిపోయి కనిపిస్తాయి.

సుంకం, పండా, పరివారం

పట్టిక శైలి ఎక్కడ చాలకపోతుందో అక్కడ వీరాస్వామయ్య గద్యం సాగుతుంది. దూరాన్ని కొలవవచ్చు, బావిని చూపవచ్చు. మనుషులతో వ్యవహారం అలా తేలదు. త్రిస్థలిలో ప్రతిచోటా యాత్రికుడికి ఎదురయ్యేవారు తీర్థపురోహితులు. ప్రయాగలో ప్రయాగవాళీలు, కాశిలో గంగాపుత్రులు, గయలో గయావాళీలు. వారి దక్షిణకు హద్దు ఎక్కడో ముందుగా చెప్పగల పథకం ఏదీ లేదు. వారి పక్కనే కంపెనీ సర్కారు నిలబడి ఉన్నది. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రాల్లో ఆనాడు యాత్రికులనుంచి సర్కారు పన్ను వసూలుచేసేది. ప్రయాగలో కాలినడకన వచ్చినవాడికి ఒక రేటు, ఏనుగుమీద వచ్చినవాడికి దానికి ఎన్నో రెట్లు. గయలో యాత్రికుడు ఎన్ని కర్మలు చేయదలిచాడన్నదాన్ని బట్టి పన్ను. పూరీలో యాత్రికులను తరగతులుగా విభజించి, తరగతికొక మొత్తం నిర్ణయించారు. పుణ్యానికి స్థలపురాణం కట్టిన మెట్లను పోలిన మెట్లనే రెవెన్యూ శాఖ కూడా కట్టిందన్నమాట.

ఈ సందర్భంలో రచయిత స్థానం ఆలోచించదగినది. కంపెనీ రాజధానిలో ఇంగ్లీషు న్యాయస్థానపు ఉద్యోగి ఆయన. సర్కారు భాష తెలుసు, దాని పద్ధతి తెలుసు. కోర్టులో ఇద్దరు మనుషుల మధ్య అర్థాన్ని చేరవేసే దుబాసీ, దారిలో కూడా ఆ పనే చేస్తాడు. సర్కారు నిబంధనను యాత్రికుడికీ, ఒక సీమ ఆచారాన్ని మరో సీమవాడికీ విప్పి చెబుతాడు. ఆయన గద్యంలోని ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు మాటలు శైలీదోషాలు కావు. అవి ఠాణాలో, చౌకీలో, బజారులో యాత్రికుడికి చెవినపడే మాటలు. గ్రాంథిక పదంతో వాటిని మార్చి ఉంటే పుస్తకం అందంగా ఉండేదేమో కాని, దానిని నమ్ముకొని వెళ్లినవాడు మొదటి చౌకీ దగ్గరే నోరు తెరవలేకపోయేవాడు.

అయితే ఆ వెళ్లగలిగేవాడు ఎవడు? గ్రంథంపట్ల గౌరవమున్న విమర్శ కూడా తప్పించుకోరాని ప్రశ్న ఇది. డేరాలు, సవారీ, బోయీలు, కావళ్లు, కాపలా జవానులు, అధికారుల ఆదరం: వీరాస్వామయ్య పథకం వీటిని ముందే ఊహించుకొని నడుస్తుంది. ఆయన మనసులో ఉన్న రాబోయే బాటసారి ఆయన వంటివాడే. నూరుమంది వెళ్లిన ఈ యాత్రలో ఉత్తమపురుష ఒక్కటే. బోయీల అలసట, పరివారం భోజనం, వాగు దాటించడంలోని కష్టం గ్రంథంలో లెక్కకు వస్తాయి. ఆ లెక్క దయలేనిది కాదు. కాని తానుగా గంగను చూడాలని కోరుకున్న మనిషిగా బోయీ గొంతు ఇందులో నేరుగా వినిపించదు. అతడూ అంతే దూరం వచ్చాడు. పైగా భుజంమీద బరువుతో వచ్చాడు. ప్రయాగ పన్ను పద్ధతిలోనైనా నడిచి వచ్చినవాడికి ఒక గడి కేటాయించారు. తెలుగు యాత్రాగద్యంలో అతడికి ఆ గడి చాలాకాలం ఏర్పడలేదు.

కాలం చెల్లిన పథకం

ఈ పుస్తకం ప్రయోజనాన్ని కాలం త్వరగానే తినివేసింది. అచ్చయిన రెండేళ్లకే, 1840లో, ప్రయాగ, గయ, పూరీల యాత్రికుల పన్ను చట్టం ద్వారా రద్దయింది. గంగాతీరానికి రైలు వచ్చింది. 1867లో అలహాబాదునుంచి జబల్పూరుకు రైలుమార్గం తెరుచుకున్నది. వీరాస్వామయ్య మజిలీలు లెక్కపెట్టుకుంటూ దాటిన నేలలో మంచి భాగాన్ని బండి కొద్ది గంటల్లో దాటేసింది. అంటే 1869 నాటి మలి ముద్రణ పాఠకుడి చేతిలో పడేసరికే అందులోని ‘దొరుకును’ అనే క్రియకు హామీ శక్తి సన్నగిల్లడం మొదలైంది. 1941 నాటికి అది పూర్తిగా ‘దొరికేది’గా మారిపోయింది. వేంకటశివరావు పరిష్కరణ గ్రంథానికి చేసిన సేవ అపారం. ఆ ప్రతి లేకపోతే నేడు ఈ చర్చే లేదు. కాని ఆ పీఠిక, వివరణలు సహజంగానే దీనిని గతించిన కాలపు సాక్ష్యంగా మన ముందు ఉంచాయి. అప్పటినుంచి విమర్శ కూడా ఆ కోణంలోనే చూస్తూ వచ్చింది. పేరులోని ‘చరిత్ర’ అనే మాట ఈ అలవాటుకు తోడ్పడింది. 1838లో ఆ మాటకు జరిగిన వృత్తాంతమనే అర్థం చాలు. గతకాలాన్ని పరిశోధించే శాస్త్రమనే అర్థం దానికి తరువాత బలపడినది.

మజిలీ నేలమీదనుంచి తప్పుకుంటున్న కాలంలోనే తెలుగు కథలో దానికి కొత్త చోటు దొరకడం విశేషం. రాజమహేంద్రవరంలో మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలుగా వెలువరించిన కాలానికి ఆ ఊరి దగ్గర గోదావరిమీద రైలు వంతెన ఉన్నది. హేవలాక్ వంతెనగా పేరొందిన అది 1900లో తెరుచుకున్నది. కాశికి నడిచి వెళ్లవలసిన అవసరం లేని పాఠకులకోసం దీక్షితులు మణిసిద్ధుణ్ణీ, అతని వెంట గోపుణ్ణీ మళ్లీ నడిపించాడు. గోపుడు పశువుల కాపరి. సామాను మోస్తూ తోడు రావాలంటే మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలని అతడి షరతు. వీరాస్వామయ్య పుటల్లో నోరు మెదపని సహచరుడు ఇక్కడ బేరం ఆడుతున్నాడు. దారిలో వింత ఏదో అతడే కనిపెడతాడు, దాని సంగతేమిటని అతడే అడుగుతాడు, జవాబు దొరికేదాకా కదలడు. ఈ రెండు గ్రంథాలనూ వచన వాఙ్మయపు వేర్వేరు అరల్లో సర్దడం అలవాటైపోయింది. ఒకటి యాత్రాచరిత్ర, రెండోది కాలక్షేప కథ. ఒకే దారిమీద, డెబ్బయి ఎనభై ఏళ్ల ఎడంతో, బరువు మోసేవాడికి మాట ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ రెంటినీ పక్కపక్కన తెరిచిపెట్టుకొని, మజిలీ తరువాత మజిలీగా చదవవలసి ఉంటుంది.