ట్రెయిలర్ తగిలించేవాణ్ణి పలకరించకండి

చుట్టాలింటి నుంచి బయల్దేరడానికి మనకి ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు. కుర్చీలోంచి లేచాక పావుగంట, గుమ్మంలో అరగంట, కారు అద్దం దించాక ఇంకో పది నిమిషాలు. సముద్రాలు దాటినా ఈ అలవాటు మనల్ని వదల్లేదు. డాలస్ చుట్టుపక్కల ఉండే నాలుగైదు కుటుంబాలు కలిసి ఏ లేక్ టెక్సోమాకో, సెలవు కాస్త పొడుగైతే పాలో డ్యూరో కాన్యన్‌కో వెళ్తే, తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న ఇదే తంతు. మిగిలిన పులిహోర ఎవరికి కట్టాలి, వచ్చే నెల సత్యనారాయణ వ్రతం ఎవరింట్లో, ఎవరి పిల్లాడికి ఎక్కడ సీటొచ్చింది. ఈ కబుర్లు ఊపందుకునే వేళకే ఒక మనిషి పికప్ ట్రక్కు వెనక చేరి, అయిదు టన్నుల పైచిలుకు ఇంటిని దానికి తగిలిస్తూ ఉంటాడు. మా గుంపులో ఆ మనిషిని నేను.

ఈ పనికి కండబలం అక్కర్లేదు. గొప్ప నేర్పూ అక్కర్లేదు. ఒక వరుస ఉంది, ఆ వరుస తెగకుండా పావుగంట చేసుకుపోతే చాలు. దాన్ని తెంపేది గాలీవానా కాదు, మంచి మనసుతో వచ్చే పలకరింపులే. అందుకే ఈ వారం కాస్త మొహమాటం వదిలి రాస్తున్నాను.

ఇండియాలో చదివేవాళ్ళకి ముందు ఆ బండి స్వరూపం చెప్పాలి. మామూలు ట్రెయిలర్‌ని ట్రక్కు వెనక బంపర్ దగ్గరుండే ఇనుప గుండుకి తగిలిస్తారు. ఫిఫ్త్ వీల్ అనే ఈ రకం ట్రెయిలర్ అలా కాదు. దాని ముందు భాగం మేడలా పైకి లేచి, ట్రక్కు వెనక బెడ్ మీదకి చాచుకుని వస్తుంది. ఆ భాగం అడుగున రెండంగుళాల లావు ఉక్కు కడ్డీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్నే కింగ్‌పిన్ అంటారు. బెడ్‌లో, వెనక ఇరుసుకి సరిగ్గా పైన గానీ, కాస్త ముందుకి గానీ హిచ్ బిగించి ఉంటుంది. వెడల్పాటి ఉక్కు పళ్ళెం, దాని నడుమ గాడి, గాడిలో దవడలు. ట్రక్కు వెనక్కి వస్తుంటే కింగ్‌పిన్ ఆ గాడిలోకి జారుతుంది, దవడలు దాని మెడని పట్టుకుంటాయి. విశాఖ రేవు నుంచి కంటెయినర్లు లాక్కెళ్ళే పెద్ద ట్రెయిలర్లదీ ఇదే పద్ధతి. బరువు ఇరుసు మీదే పడుతుంది కాబట్టి హైవే మీద పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినా వెనక బండి తోక ఊపదు.

సరదాగా తిరిగే ఇంటికి ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. రైట్ సోదరులకి పోటీగా నిలిచిన విమాన నిర్మాత గ్లెన్ కర్టిస్ 1920ల చివర్లో ఫ్లోరిడాలో ఏరోకార్ అనే ట్రెయిలర్ తయారుచేయించాడు. కారు వెనక భాగంలో గాలి నింపిన టైరుని అడ్డంగా పడుకోబెట్టి, దాని నడిబొడ్డులో ట్రెయిలర్ ముక్కుని దించేవాడు. కుదుపులన్నీ ఆ టైరు మింగేసేది.

తగిలించడం గురించి మాట్లాడేముందు తగిలించవచ్చా లేదా అన్నది తేల్చుకోవాలి. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. బరువు ముందుకి ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలు నొక్కేస్తుంది, వెనక్కి ఎక్కువైతే కాడే పైకి లేస్తుంది. ఫిఫ్త్ వీల్‌లో మొత్తం బరువులో మామూలుగా 15 నుంచి 25 శాతం దాకా కింగ్‌పిన్ మీద పడుతుంది. సామానుతో కలిపి ట్రెయిలర్ 12,000 పౌండ్లు ఉందనుకోండి. అందులో అయిదో వంతు, అంటే 2,400 పౌండ్లు ట్రక్కు మోయాలి. మన లెక్కలో దాదాపు 1,090 కిలోలు. దీనికి హిచ్ బరువు, లోపల కూర్చునే మనుషుల బరువు కలపాలి. డ్రైవర్ తలుపు తీస్తే ద్వారబంధం మీద అతికించిన కాగితంలో మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో రాసి ఉంటుంది. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు చెప్పే అంకె వేరు. ఎంత లాగగలదో అతను చెబుతాడు. ఎంత మోయగలదో ఆ కాగితం చెబుతుంది. ఫిఫ్త్ వీల్ కొనేవాళ్ళలో చాలామంది లెక్క తప్పేది ఈ రెండో చోటే. ఇక నీళ్ళ ట్యాంకు సంగతి. గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. యాభై గాలన్లు నింపితే 400 పౌండ్ల పైమాటే. ఆ ట్యాంకు ఇరుసులకి ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి కింగ్‌పిన్ మీద బరువు మారిపోతుంది. అనుమానం ఉంటే లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని కాటా ఉంటుంది, పది పదిహేను నిమిషాల పని. ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో విడివిడిగా కాగితం మీద అచ్చేసి ఇస్తారు.

ఇప్పుడు అసలు వరుస. ట్రెయిలర్ చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టాలి. ఇదే మొదటిది, ఆఖరున తీసేది కూడా ఇదే. ట్రక్కు వెనక తలుపు దించాలి. హిచ్ హ్యాండిల్ లాగి దవడలు తెరుచుకున్నాయో లేదో చూడాలి. పళ్ళెం మీద గ్రీజు ఉందా, లేక ప్లాస్టిక్ బిళ్ళ వాడితే అది అరిగిపోలేదు కదా అనీ చూసుకోవాలి. ఆ తర్వాత ఎత్తు. ట్రెయిలర్ ముందు కాళ్ళని మోటారుతో ఎత్తుతూ దించుతూ, కింగ్‌పిన్ పైనున్న పళ్ళెం హిచ్ పళ్ళెం కన్నా అర అంగుళమో, కాస్త ఎక్కువో కిందికి ఉండేలా పెట్టుకోవాలి. ఎందుకు కిందికి? వెనక్కి వస్తున్నప్పుడు హిచ్ పళ్ళెం కాస్త వాలి దాని కిందికి దూరి, ట్రెయిలర్‌ని కొంచెం పైకెత్తాలి. ఆ ఎత్తడంలోనే రెండు పళ్ళాలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి, కింగ్‌పిన్ తిన్నగా గాడిలోకి వస్తుంది.

ఎత్తు ఎక్కువైందా, అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కింగ్‌పిన్‌కి నడుమ సన్నటి మెడ, దాని కింద వెడల్పాటి అంచు ఉంటాయి. దవడలు పట్టుకోవాల్సింది ఆ మెడని. ట్రెయిలర్ ఎత్తులో ఉంటే మెడ దవడలకి అందదు. కింది అంచు మాత్రమే అందుతుంది, లేదా అదీ సగమే. అయినా దవడలు మూసుకోవచ్చు. టక్‌మని చప్పుడూ రావచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు "పడిందిరోయ్" అని చప్పట్లూ కొడతారు. తిన్నగా నడిపినంతసేపు ఏమీ కాదు. ఏ స్పీడ్ బ్రేకర్ దగ్గరో, పెట్రోలు బంకులోకి తిరిగే మలుపులోనో కింగ్‌పిన్ పైకి జారి, ట్రెయిలర్ ముందు భాగం మొత్తం ట్రక్కు బెడ్ మీద కూలబడుతుంది. రెండు పక్కల రేకు అంచులూ ఒకే చోట సమంగా నొక్కుకుపోయిన ట్రక్కులు క్యాంపుగ్రౌండ్లలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. ఆ సొట్టలు ఎలా పడ్డాయో యజమానిని అడగక్కర్లేదు.

అందుకే చప్పుడుని నమ్మను. దిగి, టార్చిలైటు తీసుకుని, తెరిచిన వెనక తలుపు మీద మోకాళ్ళూని లోపలికి తొంగి చూస్తాను. వెలుగు ఎదురుగా కాకుండా పక్కనుంచి కొట్టాలి, లేకపోతే గ్రీజు మెరుపులో ఏమీ ఆనదు. మొదట చూసేది రెండు పళ్ళాల మధ్య సందు. అవతలి వెలుతురు సన్నటి గీతలా కనిపించినా సరే, అది సరిగ్గా పడనట్టే. తర్వాత దవడలు. మెడ చుట్టూ పూర్తిగా మూసుకుని, వాటి వెనక అడ్డకడ్డీ ఉన్న మోడల్ అయితే అది చివరిదాకా వచ్చి ఉండాలి. హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోయిందా? పోతేనే దాని చిల్లులో సేఫ్టీ పిన్ దూరుతుంది. బలవంతంగా దూర్చాల్సి వస్తే దూర్చకూడదు, మళ్ళీ ఎత్తు చూసుకోవాలి. నల్లటి గ్రీజు చేతులకి అంటుతుంది, చొక్కాకీ అంటుతుంది. శుభ్రమైన చొక్కాతో ఈ పని ముగించినవాణ్ణి చూస్తే నాకు అనుమానం.

ఆపైన ఏడు పిన్నుల కరెంటు ప్లగ్గు. తర్వాత బ్రేక్‌అవే కేబుల్. ఈ సన్నటి తీగ ఉన్నది ఒక్క పనికే. ట్రెయిలర్ విడిపోతే తీగ లాగబడి స్విచ్‌లోని పిన్ ఊడివస్తుంది, ట్రెయిలర్ తన బ్యాటరీతో తన బ్రేకులు తానే వేసుకుంటుంది. దీన్ని హిచ్ హ్యాండిల్‌కి తగిలించేవాళ్ళని చూశాను. ఊడిపోయే అవకాశం ఉన్నదానికే ఊడితే కాపాడే తీగని కట్టడం ఏం తెలివి? ట్రక్కుకి శాశ్వతంగా బిగించిన చోటే కట్టాలి.

ఇన్నీ అయ్యాక లాగి చూడటం. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. చక్రాల అడ్డు అలాగే ఉంచి, ట్రెయిలర్ కాళ్ళని నేలకి అంగుళం ఎత్తు మాత్రమే లేపి, డ్యాష్‌బోర్డు దగ్గరున్న కంట్రోలర్ మీటతో ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే పట్టి, ట్రక్కుని మెల్లగా ముందుకి పోనివ్వాలి. సరిగ్గా పడి ఉంటే ట్రక్కు గుంజుకుని ఆగిపోతుంది. పడకపోతే విడిపోతుంది, కానీ ట్రెయిలర్ దిగేది అంగుళమే, అదీ తన కాళ్ళ మీదికే. నష్టమేమీ ఉండదు. బ్రేకులు పనిచేస్తున్నాయన్న రుజువూ దొరుకుతుంది. పాలో డ్యూరోలో లోయలోకి దిగే రోడ్డు వాలు 10 శాతం. అక్కడ దిగుతూ బ్రేకులు తెలుసుకునే కన్నా మైదానంలో, నడకకన్నా నెమ్మదిగా తెలుసుకోవడం మేలు. ఆ తర్వాతే కాళ్ళు పూర్తిగా ఎత్తడం, లైట్లు చూడటం, మెట్లూ కిటికీలూ, చివరగా చక్రాల అడ్డు తీయడం.

ఇప్పుడు పలకరింపుల సంగతికి వస్తాను. సేఫ్టీ పిన్ చేతిలో పట్టుకున్నప్పుడే ఒకాయన "అన్నగారూ, కాఫీ" అంటాడు. కాదనలేం. కాఫీ తీసుకోవడానికి పిన్ను టైరు మీద పెడతాం. తాగుతూ రెండు మాటలు. తిరిగొచ్చేసరికి బుర్రలో "పిన్ను పెట్టాను" అని ముద్ర పడిపోయి ఉంటుంది. చేతిలోకి తీసుకున్న గుర్తూ, పెట్టిన గుర్తూ ఒకటిగా కలిసిపోతాయి. తెలియనివాళ్ళ కన్నా బాగా అలవాటైనవాళ్ళకే ఈ గండం ఎక్కువ. వాళ్ళ చేతులు ఆలోచన లేకుండానే పనిచేస్తాయి మరి.

దీనికి మందు ఒకటే. మధ్యలో ఎవరు పలకరించినా మళ్ళీ చక్రాల అడ్డు దగ్గర నుంచి మొదలుపెట్టడం. ఆగిన చోటు నుంచి కాదు, మొదటి నుంచి. మర్యాద కోసం కాఫీ తాగుతాను, తాగినందుకు పావుగంట మళ్ళీ చెల్లిస్తాను. ఇది చూసి కొందరు నవ్వుతారు, కొందరు నొచ్చుకుంటారు. పర్వాలేదు.

ఇంకో చిక్కు సాయం. మనవాళ్ళు సాయానికి వెనకాడరు, అదే గొడవ. ట్రక్కు వెనక్కి వస్తుంటే నలుగురు నాలుగు వైపుల నిలబడి "రానీ రానీ" అంటారు. అయిదో ఆయన ఫోన్‌లో వీడియో తీస్తూ తనూ ఓ చెయ్యి ఊపుతాడు. ఇంతమంది చూస్తున్నారన్న ధీమాతో డ్రైవర్ దిగి చూడడు. పక్కవాడు చూస్తున్నాడు కదా అని ఎవరికి వాళ్ళే దవడల వంక చూడరు. అందుకని చెప్పేది ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ నా అద్దంలో ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. కుడీ ఎడమా అనకుండా డ్రైవర్ వైపు, ప్యాసింజర్ వైపు అనాలి, ఎదురుబొదురుగా ఉన్నవాళ్ళకి కుడిఎడమలు తారుమారవుతాయి. లారీ క్లీనర్ల "రైట్ రైట్" ఇక్కడ పనికిరాదు. చేతిలో రాసుకున్న జాబితా ఉండాలి. ఒకరు పైకి చదవాలి, ఒకరు చేతితో ముట్టుకుని జవాబు చెప్పాలి. చూశాను అంటే చాలదు.

మా బండికి ఆ ఒక్కరు మా ఆవిడ. జాబితా ఆవిడ చేతిలో, గ్రీజు నా చేతిలో. "ఆగండి" అని ఆవిడ అంటే ట్రక్కు ఆగాలి. ఎందుకు, ఏమైంది, నాకు బాగానే కనిపిస్తోందే లాంటివి ఆగాకే. కారణం చిన్నదైనా, చివరికి ఏమీ లేదని తేలినా సరే, ఆపినందుకు విసుక్కోకూడదు. ఒకసారి విసుక్కుంటే రెండోసారి ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అప్పుడు ఆ మనిషి అక్కడ నిలబడీ దండగే. కొత్తగా ట్రెయిలర్ కొన్న మిత్రులకి నేను ఇచ్చే సలహా ఇదే. మంచి హిచ్ కొనండి, అంతకన్నా ముందు ఇంట్లో ఈ ఒప్పందం కుదుర్చుకోండి. మా ఇంట్లో ముందు ఆవిడ మాట విని, తర్వాత నేను ప్రశ్నలడిగే సందర్భం ఇదొక్కటేనట. మిగతా విషయాలకి కూడా దీన్ని వర్తింపజేయమని ఆవిడ దగ్గర ఒక ప్రతిపాదన ఉంది, పరిశీలనలో పెట్టాను.