వెలుతురు లేని మాట

చీకటిలో మొలచిన మొక్క పాలిపోవును. పత్రహరితము పట్టదు, ఆకులు చిన్నవగును, కాండము మాత్రము సన్నగిలి పొడవుగా సాగును. ఇటుక క్రింది గడ్డిని జూచినవారి కిది క్రొత్త గాదు. ఈ స్థితిని వృక్షశాస్త్రజ్ఞులు ‘ఎటియొలేషన్’ అందురు. జీవము తగ్గినదాని కెల్ల నీ పేరు పెట్టుట ఆంగ్లరచయితలకు వాడుక.

ఆక్స్‌ఫర్డు తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డునందు జేసిన యుపన్యాసములలో దీనిని భాషకు వర్తింపజేసెను. అవి 1962లో, ఆయన మరణానంతరము, గ్రంథముగా వెలువడినవి. వాగ్దానము, వివాహప్రమాణము మున్నగువానిని పలుకుటయే పని చేయుట యని యాయన సిద్ధాంతము. అవియే నటుడు రంగముపై పలికినను, కావ్యమున వచ్చినను బోలుమాటలనియు, భాష పాలిపోవుటయనియు నెంచి, తన విచారణనుండి తొలగించెను.

నటుని ప్రమాణము నటుని బంధింపదనుట నిజమే. కాని యుపమానము సగమే గ్రహింపబడినదని మా తలంపు. చీకటిమొక్క పొడవు సాగుట వట్టి క్షయము గాదు. గింజలోని నిలువను వెచ్చించి వెలుతురును జేరుటకైన ప్రయత్నము. వెలుతురు సోకెనా, పచ్చబడును.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున, సుబ్బిని తప్పించుటకై, మగపిల్లవానికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకు వెలగట్టి పెండ్లి చేయుదురు. నాటకములో కపటవివాహము: ఆస్టిన్ లెక్కకు రెండింతలు బోలు. అయినను ఆ బూటకపు పెండ్లియందే నిజపు పెండ్లిండ్ల బేరము బయటపడినది. ఆ కాలమున మంత్రోక్తముగా జరిగిన బాల్యవివాహములలో పిల్ల సమ్మతికి తావెక్కడిది? పాలిపోయిన మాట యేది? రంగముపైదా, పీటలమీదిదా? యని మే మడుగుచున్నాము.